మా నాయన చక్రప్ప కాదు

నేను బస్సులో కండక్టరును. ముదిగుబ్బ మిందుగా కదిరికి పోయే ఎర్ర బస్సు. పోతా ఒకసారి, వస్తా ఒకసారి, మా నాయన సచ్చిపోయిన తావు దాటల్ల. ఆ తావు రాంగానే మా డ్రైవరన్న పొంయ్ పొంయ్ అని హారను కొట్టి, స్టీరింగు మిందనుంచి చెయ్యి తీసి కండ్లకద్దుకుంటాండె. వెనక సీట్లల్లో ఆడోళ్లు చెంపలేసుకుంటాండ్రి. కొత్తగా ఎక్కినోళ్లు ఎవరన్నా "ఏం దేవుడుమా ఈడ?" అని అడిగితే, "చక్రప్ప స్వామి. శానా మహిమ. రోడ్డు మింద పోయేటోళ్లను కాపాడతాడు" అని పక్కనోళ్లు చెప్తాండ్రి.

ఆ మాట ఇన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. రోడ్డు మింద పోయేటోళ్లను కాపాడేదా! ఆ రోడ్డు మిందనే, ఆ తావులోనే, మా నాయన తనను తాను కాపాడుకోలేకపోయినాడు. సైకిల్ మింద పోతాంటే ఎనకనుంచి లారీ గుద్ది పోయింది. వాళ్లు దండం పెట్టే బండ ఆయప్పది. దాని మింద ఉండేది విష్ణుచక్రం కాదు, సైకిల్ చక్రం.

ఇది ఇట్ల ఎట్లయ్యిందో చెప్తా ఇనండి.

మాకు రోడ్డు పక్కన రవ్వంత మెట్ట ఉండాది. వాన పడితే శెనక్కాయ, పడకుంటే కంపచెట్లు. వాన పడని ఏండ్లే ఎక్కువ కాబట్టి మా నాయన ఎండాకాలం సైకిల్ మింద ఐసు అమ్ముతాండె. "మా తట్టు వానను నమ్ముకునేదానికన్నా ఎండను నమ్ముకునేదే మేలు, అది ఏ ఏడూ మోసం చెయ్యదు" అంటాండె. పొద్దున్నే కదిరికి పోయి ఐసు ఫ్యాక్టరీలో పెట్టె నింపుకోని వచ్చేది. నీలిరంగు కొయ్యపెట్టె, లోపల తెల్ల థర్మాకోలు, క్యారేజీకి పాత ట్యూబు రబ్బరుతో బిగించి కట్టింటాడు. హ్యాండిలుకు ఒక రబ్బరు హారను. ఆ హారను కూత ఇనపడితే ఊర్లో పిల్లోళ్లు తట్టలో ఉండే శెనక్కాయలు దోసిట్లో దోసుకోని ఉరికొస్తాండ్రి. కాయలకు గూడ ఐసు ఇచ్చేది ఆయప్ప ఒక్కడే. పుల్ల ఐసు, పాల ఐసు, సేమ్యా ఐసు. తను మాత్రం ఒక్కటి గూడ తినేది లేదు. ఒకసారి నేను అడిగితే, "అమ్మేటోడు నాకుతాంటే కొనేటోడు సూస్తాండల్లనా? పో, పోయి సదువుకో" అన్నాడు.

ఆయప్పకు పేరు లేదని కాదు. ఉండాది, కానీ ఎవురికీ తెలీదు. మా ఊరినుంచి గోరంట్ల తట్టు పల్లెలదాక, యాడికి పోయినా ఐసాయన అనే.

ఆయప్ప పోయింది ఒక ఎండాకాలం మధ్యాన్నం. నేను అప్పుడు కాలేజీలో ఉండా. కబురు తెలిసి నేనూ అమ్మా ఆడికి పోయే లోపల మా నాయనను పక్కకు తీసి మింద ఎవురిదో పంచె కప్పిండ్రి. లారీ ఆగలే. ఎవురిదో, యాడిదో ఇంతవరకూ తెలీదు. సైకిల్ ముందు చక్రం ఒక తట్టు, పెట్టె ఒక తట్టు. పెట్టె పగిలి ఐసంతా రోడ్డు మింద కరిగింది. ఎర్ర నీళ్లు, పచ్చ నీళ్లు. ఆ ఎండకు మేము సూస్తాండగానే అవి గూడ ఆరిపోయినాయి. అమ్మ ఏడ్చలే. వంగి రబ్బరు హారను తీసి ఒళ్లో పెట్టుకోని ఆడనే కూర్చునింది. పోలీసోళ్లు అడిగినా ఇయ్యలే.

మా తట్టు రోడ్డు మింద మనిషి పోతే ఏడాది తిరిగే లోపల ఆ తావులో బండ నాటల్ల. లేకుంటే పోయినోడు ఇంటి దోవ తెలీక ఆ రోడ్డు మిందనే తిరుగులాడతాడని నమ్మకం. కిటికీ పక్క కూర్చోని సూస్తే కనపడతాయి మీకు గూడ. కార్లో పోయినోళ్లవి నున్నగా పాలీషు పట్టించిన నల్ల రాళ్లు, మింద ఫొటో, సుట్టూ గ్రిల్లు. మోటారు సైకిలోళ్లవి సిమెంటు దిమ్మెలు. సైకిలోళ్లవి గుర్తుపట్టేది సులభం. అన్నింటికన్నా చిన్నవి అవే. కొన్నిటి మింద సున్నం తప్ప ఏమీ ఉండదు.

అమ్మా నేనూ బస్సెక్కి తాడిపత్రికి పోయినాం. ఆడ బండలు కోసే షెడ్లు రోడ్డు పొడుగునా ఉంటాయి. ఒక షెడ్డులో బండలు చెక్కే మేస్త్రీ దొరికినాడు. ఒళ్లంతా తెల్ల దుమ్ము, కండ్లు మాత్రం ఎర్రగా కనపడతాండె. "పేరు చెప్పండిమా, రాసిస్తా" అన్నాడు.

"పేరు ఎవురికి తెలుసప్పా" అనింది అమ్మ. "సైకిల్ బొమ్మ చెక్కు. సూసినోళ్లకు అదే తెలుస్తాది."

మేము కొనగలిగింది సన్నగా నిలువుగా ఉండే బండ. మేస్త్రీ దాన్ని అటూ ఇటూ సూసి, "ఇంత సన్న బండలో సైకిల్ నిలబడదుమా. బండను పండుకోబెట్టి నాటుకుంటామంటే చెక్కతా" అన్నాడు.

"వద్దు. ఒకసారి పండుకోబెట్టినారు, అది సాలు. ఒక్క చక్రమన్నా నిలబెట్టి చెక్కు."

వాడు సరే అన్నాడు. మంచి పనోడే పాపం, తప్పు పట్టేకి లేదు. అయితే వానిది గుళ్లకు చక్రాలూ నామాలూ చెక్కే చెయ్యి. మేము పదిరోజులాగి పోయేసరికి సైకిల్ చక్రం చెక్కినాడు, నడుమ ఇరుసు, సుట్టూ పుల్లలు, అంతా బాగుండాది. కానీ అలవాటు కొద్దీ చక్రానికి నాలుగు తట్లా చిన్న మంటలు గూడ చెక్కినాడు. అమ్మ సూసి, "సైకిల్ చక్రానికి మంటలేందప్పా?" అని అడిగింది. "అందానికిమా. దానికి వేరే దుడ్లు అడగను లే" అన్నాడు. తెచ్చి నాటినాం. ఇదీ జరిగింది.

ఆ నాలుగు మంటలే మా నాయనను దేవున్ని చేసినాయి.

మొదట ఎవురో నిమ్మకాయ పెట్టినారు. మేము పట్టించుకోలే. తర్వాత పసుపు, కుంకుమ. తర్వాత పక్క ఊరాయన కొత్త ట్రాక్టరు తెచ్చి బండ ముందర టెంకాయ కొట్టినాడు. ఆ సమయానికే ఆ తావుకు రవ్వంత దూరంలో బండల లారీ ఒకటి తిరగబడింది. లోపల డ్రైవరుకు గీత గూడ పడలే. ఇంకేముంది! వాడు తిరిగొచ్చి బండకు పూలమాల ఏసి, అందరికీ కేసరి పంచినాడు. ఆ పొద్దునుంచి చక్రప్ప చక్రప్పే. ఒకామె ఆడ టీ అంగడి పెట్టుకోని, రోజూ బండ సుట్టూ ఊడ్చి కల్లాపి చల్లుతాండె. లారీలు ఆగేవి, టెంకాయలు పగిలేవి, టీలు అమ్ముడుపోయేవి. ఆ టీ అంగడామెకు మొగుడు లేడు, ఇద్దరు ఆడపిల్లోళ్లు. ఆయమ్మను నేను తప్పు పట్టను.

నేను అమ్మ కాడ మొత్తుకుంటాంటి. "మా, పోయి చెప్దాం పామా. అది దేవుడు కాదని చెప్దాం."

అమ్మ మొదట్లో నవ్వేది. "పెట్టనీలే పాపా. బతికుండంగా అప్పు ఐసు అడిగినోళ్లు ఇప్పుడు వరాలు అడుగుతాండారు. ఇయ్యనీ సూద్దాం" అనేది.

ఒకపొద్దు బస్సులో ఉండబట్టలేక మా డ్రైవరన్నకు చెప్పేసినా. "అన్నా, ముందు రోడ్డు సూడు, దండం తర్వాత పెడుదువు. అయినా అది దేవుడు కాదు, మా నాయన."

ఆయప్ప అద్దంలోంచి నన్ను సూసి, "ఏమ్మా, దేవుని బిడ్డవు, నీ కాడ ఏపొద్దూ చిల్లర యాల ఉండదు మరి?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంక ఎవురికీ చెప్పకూడదనుకున్నా.

ప్రతి ఏడూ తిథి నాడు అమ్మ ఒక్కతే ఆ బండ కాడికి పోయేది. పోతా దోవలో ఒక ఐసు కొనుక్కోని పోయేది. కొనేది ఏం చెప్తారు, ఇప్పుడు అవి రంగు కాగితాల్లో సుట్టి ఫ్రిజ్జుల్లో అమ్ముతాండారు, ఆ పేర్లు గూడ అమ్మకు పలకవు. "ఎర్రది ఇయ్యప్పా" అనేది. కొంగులో సుట్టుకోని ఉరుకుతా పోయి బండ ముందర పెట్టేది. "బతికినన్నాళ్లూ పెట్టె నిండా పెట్టుకోని ఒక్కటి గూడ నోట్లో పెట్టుకోలే. ఇప్పుడన్నా తిననీ" అనేది. అది కరిగిందాక ఆడనే కూర్చునేది. చీమలు వచ్చేవి. కరిగినాక పుల్లను కడిగి ఇంటికి తెచ్చి ఇంటికప్పు దంతె సందులో చెక్కేది. టీ అంగడామె సూసి, ఇదేదో కొత్త మొక్కు అనుకోని తానూ చక్రప్పకు ఐసు పెట్టేది మొదలుపెట్టింది. దాంతో లారీలోళ్లు గూడ. మా నాయన జన్మలో తినని ఐసులన్నీ సచ్చినాక తిన్నాడు.

ఇంతవరకూ అమ్మ ఓర్చుకునింది. ఒక తిథి నాడు మాత్రం జరగరానిది జరగబోయింది. నేను ఆపొద్దు సెలవు పెట్టి అమ్మతో పోయినా కాబట్టి నా కండ్లతో సూసినా. లారీ ఒకటి ఆగింది. కుర్ర డ్రైవరు దిగి టెంకాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, బండకు మొక్కినాడు. అమ్మ వానితో, "నిదానంగా పో నాయనా" అనింది.

"చక్రప్ప ఉండాడు లేమ్మా, ఏం కాదు!" అని ఎక్కి కూర్చున్నాడు.

బురుక్కున లారీని ఎత్తుకోని పోయినాడు. ముందర ఒక ముసలాయన సైకిల్ మింద గడ్డిమోపు కట్టుకోని పోతాండె. లారీ ఆయన్ను రాసుకోని పోయింది. ముసలాయన సైకిలుతో సహా గుంతలో పడినాడు. నేను ఉరికిపోయి లేపినా. ఏం కాలే, మోచెయ్యి గీసుకునింది, అంతే. "చక్రప్ప కాపాడినాడు తల్లీ" అని ఆయప్ప బండ తట్టు తిరిగి దండం పెట్టినాడు. నేను వెనక్కి తిరిగి అమ్మను సూసినా. చేతిలో ఐసు ఎప్పుడు జారిపోయిందో గూడ తెలీదు ఆమెకు.

ఇంటికి వచ్చినాక అనింది. "బండ పెట్టింది ఎందుకు పాపా? ఈడ ఒక మనిషి పోయినాడు, సూసుకోని పోండప్పా అని చెప్పేకి కదా. ఇప్పుడు ఆ బండను సూసుకోనే ఇంకా జోరుగా తోలుతాండారు. మీ నాయన పేరు చెప్పి ఇంకొకన్ని సంపుతారు. అప్పుడు ఆ పాపం ఎవురిది?"

ఇంక ఆపొద్దునుంచి అమ్మ నవ్వలే. పైకి కూడా ఏం అనలే. ఎవురికి చెప్తాది? నమ్మకం మింద నోరు చేసుకుంటే ఊర్లో బతకనిస్తారా? కడుపు చించుకుంటే కాళ్ల మింద పడతాది.

అట్ల ఉండంగా రోడ్డు పెద్దది చేస్తారని వచ్చినారు. నాలుగు వరసల రోడ్డు. చింతచెట్లు కొట్టేసినారు. గుట్టల మింద గాలిమరలు తిరుగుతాంటే కింద జేసీబీలు తవ్వుతాండె. ఒక మనిషి రంగు డబ్బా పట్టుకోని రోడ్డు పొడుగునా గుర్తులు పెట్టుకుంటా వచ్చినాడు. గుళ్లకు పచ్చ గీత, అంటే రోడ్డునే పక్కకు జరిపి గుడిని ఆడనే ఉంచుతారు. పోయినోళ్ల బండలకు ఎర్ర గీత, అంటే ఎవురిది వాళ్లు పెరికి తీసుకోని పోవల్ల, లేకుంటే మట్టిలో కలిసిపోతాది. మా బండ కాడికొచ్చి వాడు నిలబడినాడంట. టీ అంగడామె పచ్చ అనిందంట. ఎవురో ఒకరు మాత్రం, "ఇది ఐసాయన బండ కదప్పా" అన్నారంట. ఎవురో ఇప్పటికీ తెలీదు. వాడు ఏ గీతా పెట్టకుండా పోయి, ఇంజనీరు సారు వచ్చి తేలుస్తాడని చెప్పినాడంట.

సారు వచ్చే ముందటి పొద్దు మా ఊరి పెద్దాయన ఇంటికి వచ్చినాడు. మంచిగానే మాట్లాడినాడు. "సూడుమా, నీ మొగుని బండే, కాదనేది ఎవురు? కానీ దేవుడని ఒక్క మాట చెప్పితే ఆడనే కట్ట కట్టి, మింద రేకులు ఏసి ఇస్తారు. నీ మొగుడు అట్లనే నిలబడింటాడు. కాదంటే పెరికి పారేస్తారు. నీ ఇష్టం" అన్నాడు. ఆయప్ప పోయినాక టీ అంగడామె వచ్చింది. కూర్చోని, "అక్కా, నోరు మంచిదైతే ఊరు మంచిది. నువ్వు ఏం అనొద్దు, ఊరికే ఉండు, సాలు" అని అమ్మ చేతులు పట్టుకునింది.

అమ్మ విత్తనం కాయలు ఒలుస్తాండె. ఇద్దరి మాటా ఇనింది.

వాళ్లు పోయినాక నేనూ అదే చెప్పినా. "ఇదీ నిజమే మా. దేవుడనే అందాం. నాయన పోయిన తావు తప్ప ఇంకేముండాది మనకు? ఆ బండ పోతే ఆ తావు గూడ పోతాది. ఎండాకాలం నువ్వు ఐసు పెట్టేకి యాడికి పోతావు?"

అమ్మ ఒలుస్తానే, "మీ నాయన మనిషి పాపా" అనింది.

తెల్లారి టీ అంగడి ముందర శానామంది చేరినారు. మా ఊరోళ్లు, పక్క ఊరోళ్లు, దోవన ఆగిన లారీలోళ్లు గూడ. ఇంజనీరు సారు చిన్న వయసాయన. చెమటకు చొక్కా వీపుకు అంటుకోని ఉండె. బండ సుట్టూ తిరిగి సూసినాడు. పసుపు, కుంకుమ, నూనె పట్టి చక్రం సగం మూసుకుపోయింది. "దేవుడా, సమాధా? ఒక మాట చెప్పండి, పని ఆగిపోయింది" అన్నాడు.

"దేవుడే సారూ!" అని అందరూ ఒక్కమాటగా అన్నారు. పెద్దాయన ముందుకొచ్చి, "చక్రప్ప స్వామి సారూ. మా తాతలనాటినుంచీ ఉండాడు" అన్నాడు. తాతలనాటినుంచీ అంట! నేను పక్కనే నిలబడుండా.

ఊరంతా ఒక దోవన పోతే ఉలిపికట్టె ఒక దోవన పోయిందని అంటారు కదా, అమ్మ ఆ గుంపులోంచి బయటికి వచ్చింది. టీ అంగడి కాడ బిందెలో కొంగు ముంచి తెచ్చి బండ ముందర కూర్చునింది. చక్రం మింద పసుపు తుడిచింది. నూనె జిడ్డు ఊడకుంటే గోరుతో గీకింది. "ఏయ్, ఏం చేస్తాండావు మా!" అని ఎవురో అరిచినారు. అమ్మ ఇనలే. పుల్లలు కనపడినాయి, నడుమ ఇరుసు కనపడింది.

"సైకిల్ చక్రం సారూ ఇది" అనింది. "నా మొగునిది. ఐసు అమ్ముతాండె. ఈడనే లారీ గుద్ది పోయినాడు."

సారు వంగి సూసినాడు. పెద్దాయన మాత్రం, "ఆయమ్మకు మనసు సరిగా లేదు సారూ. ఐసాయన పోయింది నిజమే. ఇదీ నిజమే, దేవుడు వెలసింది ఈడనే" అన్నాడు.

అమ్మ లేచి నిలబడింది. గట్టిగా అరిచి మాట్లాడే మనిషి కాదు మా అమ్మ. ఆపొద్దు గూడ అరవలే.

"దేవుడైతే ఆపొద్దు ఆ లారీని ఆపింటాడు కదప్పా?"

రోడ్డు మింద ఒక లారీ హారను కొట్టుకుంటా పోయింది. ఆ తట్టు ఎవురూ సూడలే. టీ అంగడామె కొంగు నోట్లో కుక్కుకోని ఏడుస్తాండె. ఎందుకు ఏడుస్తాండాదో నాకు తెలుసు. మా నాయన కోసం కొంత, తన అంగడి కోసం కొంత. రెండూ న్యాయమే.

సారు, "అయితే ఎర్ర గీతేనమ్మా. నేనేం చేసేకి లేదు. ఎప్పుడు తీసుకోని పోతారు?" అన్నాడు.

అమ్మ చేతిసంచిలోంచి ఐసు తీసింది. ఎర్రది. తిథి కాదు, ఏం కాదు, ఇంటినుంచి వస్తా ఎప్పుడు కొనిందో నాకు గూడ తెలీదు. కాగితం విప్పి బండ ముందర పెట్టి, "ఇది కరిగిందాక ఆగండప్పా. తర్వాత మీ ఇష్టం" అనింది.

ఆ సారు ఆగినాడు. గడ్డపారలు పట్టుకోని వచ్చిన కూలోళ్లు ఆగినారు. ఎర్రటి ఎండలో ఐసు కరిగేకి ఎంతసేపు పడతాది? అయినా నాకు శానాసేపు అనిపించింది. దేవుడని అరిచినోళ్లలో ఇద్దరు ముగ్గురు, మా నాయన కాడ శెనక్కాయలకు ఐసు తిన్నోళ్లే, చెప్పులు ఇడ్సి నిలబడినారు. వాళ్ల మొగాలు సూస్తే నాకు కోపం రాలే. పుల్ల మిగిలినాక అమ్మ దాన్ని తీసి కొంగులో కట్టుకోని, "ఇంక తీయండి" అనింది.

బండను ట్రాక్టరులో ఏసుకోని మా మెట్టకు తెచ్చినాం. మా మెట్ట అదే రోడ్డు పక్కనే, కొత్త రోడ్డు హద్దుకు ఇవతల. మా ఊరి దోవ పెద్దరోడ్డులో కలిసేది ఆడనే. చేని గెనుం గట్టు మింద రోడ్డుకు ఎదురుగా నాటినాం. ఆయప్ప పోయిన తావు మాత్రం తారు కింద పోయింది. అమ్మ అది కండ్లారా సూసింది. మరుసటి వారం రోలరు తిరుగుతాంటే దూరంగా నిలబడి సూసి, ఇంటికొచ్చి అన్నం తినకుండా పండుకునింది. గెలిచినామని నేను అనను. మనిషి అని చెప్పుకోని తావు పోగొట్టుకున్నాం. దేవుడని ఉంటే తావు మిగిలేది, మనిషి పోయేవాడు. ఏది మేలో నాకు ఇప్పటికీ పూరా తెలీదు. అమ్మకు తెలుసు.

ఊర్లో శానా రోజులు మాటలు పడినాం. వానలు రాకుంటే గూడ అమ్మ మిందనే పడినారు, చక్రప్పకు కోపం వచ్చిందంట. వానలు వచ్చిన ఏడు ఎప్పుడు సూసినారో మరి! టీ అంగడామె పక్కూరి స్టేజీ కాడికి మారి పోయింది. అమ్మ రెండుసార్లు పోయి పలకరించినా మాట్లాడలే. మొన్న శ్రావణంలో మాత్రం పెద్దపిల్ల పెండ్లికి వచ్చి చెప్పింది. బొట్టు పెట్టేకి లేదు కాబట్టి, అమ్మ చేతిలో ఒక మూర పూలు పెట్టి పోయింది.

ఈసారి అమ్మ తప్పు చేయదలచుకోలే. బండ మింద మాటలు రాయించాలనింది. ముదిగుబ్బనుంచి బోర్డులు రాసేటాయన్ను పిలిపించినాం. "దివంగత, పవిత్ర స్మృతికి చిహ్నంగా అని రాస్తానుమా, బాగుంటాది" అన్నాడు ఆయప్ప.

"అదంతా ఎవురు సదువుతారప్పా లారీలో పోతా పోతా? నేను చెప్పినట్ల రాయి" అనింది అమ్మ.

మేస్త్రీ చెక్కిన నాలుగు మంటలను సిమెంటుతో పూడ్చి, చక్రం కింద తెల్ల రంగుతో పెద్ద అక్షరాల్లో రాసినాడు:

ఐసాయన బండ. దేవుడు కాదు. సైకిల్ మింద పోతాంటే లారీ గుద్దింది. నిదానంగా పోండప్పా.

రాసేటాయన తల గోక్కుంటా, "ఇట్ల రాసింది నేనే అని ఎవురికీ చెప్పొద్దండి" అని పోయినాడు. పాత రబ్బరు హారను అమ్మ కాడనే ఉండె. దాన్ని గూడ తెచ్చి బండ నెత్తిన తీగతో కట్టింది. రబ్బరు ఎండి పగిలిపోయి ఉండాది, ఒత్తితే గాలి తప్ప కూత రాదు.

నాకు ఇవన్నీ చేసినాక ఒక అదురు ఉండె. మళ్లీ ఎవురన్నా నిమ్మకాయ పెడతారేమో, మళ్లీ హారన్లు కొడతారేమో అని. రోడ్డు అయిపోయి మా బస్సు కొత్త రోడ్డు మింద తిరిగిన మొదటి పొద్దు నేను టికెట్లు కొట్టేది ఇడిసిపెట్టి ముందర డ్రైవరన్న పక్కన వచ్చి నిలబడినా. ఆయప్పకు జరిగింది అంతా తెలుసు, ఊరంతా తెలుసు కదా. కానీ నాతో ఒక్క మాట గూడ అనలే అంతవరకూ.

బండ కనపడింది. ఎండలో తెల్ల అక్షరాలు మెరుస్తాండె. డ్రైవరన్న చెయ్యి అలవాటు కొద్దీ హారను మిందికి పోయింది. కొట్టలే. ఆ చెయ్యి ఆడనే ఆగింది, మళ్లీ వచ్చి స్టీరింగును పట్టుకునింది. రెండు చేతులూ స్టీరింగు మిందనే ఉండాయి. కాలు బ్రేకు మిందికి పోయింది.

మా ఊరి దోవలోంచి ఒక ముసలాయన సైకిలుకు గడ్డిమోపు కట్టుకోని పెద్దరోడ్డు మిందికి వస్తాండె. బస్సు నిదానమై, నిదానమై, నిలబడింది. వెనక సీట్లల్లోంచి "ఏమాయె అన్నా, యాల ఆపినావు?" అని అడిగినారు.

"సైకిలాయన పోతాండాడు" అన్నాడు డ్రైవరన్న. "పోనీ."